చియాంగ్‌మై: స్కూటర్ మీద ప్రదక్షిణం

అద్దం తునకకు తనదంటూ వెలుగుండదు. దాని ముందు మనం కదలాలి. నిలబడి చూస్తే అది గోడలో పొదిగిన గాజుముక్కే. రెండడుగులు వేశామా, ఆకుపచ్చ లోంచి నీలానికి, నీలం లోంచి పసిమికి ఒక మెరుపు జరజరా పాకిపోతుంది! ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్‌మైలో బౌద్ధాలయాల ముఖాలన్నీ ఇటువంటి గాజుతునకలతో, బంగారు రేకుతో, ఎర్రలక్కతో, గచ్చుబొమ్మలతో కిక్కిరిసి ఉంటాయి. వాటిని పనిగట్టుకుని పట్టి పట్టి చూసే కన్ను చాలదు. సాగిపోతూ చూసే కన్ను కావాలి. మనసైనచోట ఠక్కున ఆగిపోయే వీలు కావాలి. ఈ రెండూ ఒక్కచోట దొరికే వాహనం ఆ ఊళ్ళో అద్దె స్కూటర్.

నా మాట కాస్త విడ్డూరంగా ఉందనుకునే రసికులుంటారు. గుళ్ళు చూడటానికి స్కూటరేమిటి, భక్తిగా నడిచి వెళ్ళాలి గాని! నిజమే. కాని టూరు బస్సెక్కి వెళ్ళినవాణ్ణి అడగండి: గోపురం మీద కన్ను కుదురుకునే లోపలే కింద హారన్ మోగుతుంది. కారుకు అద్దాలుంటాయి, ఆ అద్దాలు ఈ అద్దాల తళుకును మింగేస్తాయి. నడకకు మిట్టమధ్యాహ్నపు ఎండ అడ్డం. స్కూటర్ మీద పోతుంటే గాలి ఒంటికి తగులుతుంది. ఒక మలుపులో దేవగన్నేరు వాసన, ఇంకో మలుపులో అగరొత్తుల పొగ, ఆ పక్కనే బొగ్గుల మీద కాలుతున్న మాంసపు ఘాటు. ఇళ్ళ కప్పుల మీదుగా ఒక బంగారు కొస కనిపిస్తుంది. హ్యాండిల్ అటు తిప్పడమే! ఆ సందు చివర ఏ గుడి ఉందో మ్యాపు చూసి తెలుసుకోవలసిన పని లేదు. ఆ ఊళ్ళో ప్రతి సందు చివరా ఒకటుంటుంది.

రోజుకు 200, 300 బాట్లిస్తే గేర్ల బెడద లేని చిన్న బండి చేతికొస్తుంది. థాయ్‌లాండ్‌లోనూ మనలాగే రోడ్డుకు ఎడమపక్కన నడుపుతారు గనుక తెలుగువాడికి అది పరాయి రోడ్డు అనిపించదు. ఇంక ఆ రోడ్డు చేసే చమత్కారం చూడండి. 1296లో మంగ్రాయ్ రాజు కట్టించిన పాతనగరం నాలుగు పలకలుగా ఉంటుంది. ఒక్కో పక్క ఒకటిన్నర కిలోమీటరు పైమాటే. చుట్టూ నీళ్ళు నిండిన కందకం, ఆ కందకానికి లోపలొకటి, బయటొకటి వన్‌వే రోడ్లు. బయటి రోడ్డు మీద పోయేవాళ్ళకు కందకం ఎప్పుడూ కుడిచేతి వైపే. అంటే నగరమంతా, అందులోని విహారాలన్నీ, వాటిలో కొలువున్న బుద్ధమూర్తులన్నీ కుడిచేతి వైపే! కూరగాయల బండివాడు, స్కూలు పిల్లలు, ఆఫీసుకు ఆలస్యమైన అమ్మాయి, హెల్మెట్టు పెట్టుకున్న మనం, అందరం తెలిసో తెలియకో ఆ పవిత్రనగరానికి సవ్యంగా ప్రదక్షిణం చేస్తున్నాం. ట్రాఫిక్ నిబంధన పుణ్యాన ఊరికి ఊరే రోజంతా ప్రదక్షిణం చేయడం ఇంకెక్కడ చూస్తాం!

ఆ ప్రదక్షిణం విడిచి లోపలికి తిరిగితే నగరం నడిబొడ్డున వాట్ ఫాన్ తావ్ (వాట్ అంటే గుడి). బంగారం కోసం ఎగబడే కంటికి ముందుగా ఎదురయ్యేది నలుపు. ఏళ్ళు నానిన, ఎండలు తాగిన టేకు నలుపు. గోడలన్నీ టేకు పలకలే, స్తంభాలన్నీ టేకు మానులే. పంతొమ్మిదో శతాబ్దంలో చియాంగ్‌మై పాలకుడు కాపురమున్న రాజమందిరాన్ని విప్పి తెచ్చి, ఇక్కడ విహారంగా నిలబెట్టారు. రాజు పోయాక రాజుగారి ఇల్లు బుద్ధుడి ఇల్లయింది. ఎంత సొగసైన వారసత్వం! ఆ నల్లని నుదుట, సింహద్వారం మీద, ఒక్కచోట మాత్రం రంగులన్నీ పోగుపడ్డాయి. గాజుతునకలు పొదిగిన బంగారు నెమలి అక్కడ నిలబడి ఉంటుంది. దాని కాళ్ళ కింద ఒక కుక్క ముడుచుకుని పడుకుని ఉంటుంది. జంతువుల పేర్లతో లెక్కించే అక్కడి సంవత్సరాల్లో ఆ రాజు పుట్టింది కుక్క సంవత్సరంలో. నెమలి రాజసానికి గుర్తు, కుక్క రాజు జాతకానికి గుర్తు. కాసేపు చూశాక ఆ గుర్తులన్నీ మరుగునపడిపోతాయి. మిగిలేది నిద్రపోతున్న ఒక కుక్క. గుడి గుమ్మం మీద, ఠీవిగా నిలబడ్డ నెమలి నీడలో, ఇన్నేళ్ళుగా ఎవరూ లేపని నిద్ర. రాజచిహ్నం చెక్కమంటే ఒక జీవి సుఖనిద్రను చెక్కిన ఆ చేతికి నమస్కారం!

దాని పక్క ప్రాకారమే వాట్ చేదీ లువాంగ్. నలుపు లోంచి అడుగు బయటపెట్టగానే ఆకాశాన్ని అడ్డగిస్తూ ఒక ఇటుకల కొండ. పద్నాలుగో శతాబ్దం చివర మొదలై, పదిహేనో శతాబ్దంలో తిలోకరాజు నాటికి పూర్తయిన ఈ స్తూపం ఒకప్పుడు 80 మీటర్లకు మించిన ఎత్తు ఉండేదంటారు. ఇవాళ బ్యాంకాక్‌లో రాజలాంఛనాలతో పూజలందుకుంటున్న మరకత బుద్ధుడు 1468 నుంచి కొన్ని దశాబ్దాలపాటు దీని తూర్పు గూట్లోనే కొలువున్నాడు. 1545లో భూకంపం వచ్చింది. శిఖరం కూలింది. కూలినది కూలినట్టే ఉండిపోయింది. 1990ల్లో మరమ్మతులు చేసినప్పుడు కింది అంతస్తులను గట్టిపరిచారు గాని, పోయిన శిఖరాన్ని మళ్ళీ కట్టలేదు. అది అచ్చంగా ఎలా ఉండేదో తెలిసినవారు లేరు. తెలియనిదాన్ని కల్పించకపోవడం కూడా ఒక కళే. ఆ సంయమాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే! పగిలిన ఆ పైఅంచు మీద సాయంకాలపు ఎండ పడినప్పుడు, ఇటుక ఇటుకా లోపలి నుంచి కాలుతున్న నిప్పులా ఎర్రబడుతుంది. ఆ ఘడియలో ఏ శిఖరమూ అక్కరలేదనిపిస్తుంది.

దక్షిణపు వైపుకు నడవండి. అక్కడ వరసగా అయిదు ఏనుగులు స్తూపాన్ని మోస్తున్నట్టు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. నాలుగింటికి చెవులున్నాయి, తొండాలున్నాయి, అంతా సలక్షణంగా ఉంది. అవి సిమెంటుతో మళ్ళీ చేసినవి. కుడి చివరన ఉన్న అయిదోదానికి చెవుల్లేవు, తొండం లేదు. గచ్చు ఊడి లోపలి ఇటుకలు కనిపిస్తుంటాయి. అసలుది అదే. అవయవాలు అన్నీ ఉన్న నాలుగింటినీ దాటి కన్ను ఆ మొండి ఏనుగు దగ్గరే ఆగుతుంది. నుదుటి గుండ్రదనంలో, భుజం దిగే తీరులో ఆ పాత శిల్పి వేలి ఒత్తిడి ఇంకా బతికే ఉంది. ఏనుగుకు తొండం పోయినా బరువు పోలేదు. ఆ బరువును పట్టుకోగలగడమే శిల్పం!

పొద్దుటి పూట మాత్రం వాట్ ఫ్రా సింగ్‌కు దాచుకోవాలి. 1345లో వెలసిన ఈ ప్రాంగణంలో పెద్ద విహారాన్ని దాటి, వెనక ఒక పక్కకు ఒదిగి ఉన్న చిన్న విహారం దగ్గరికి వెళ్ళండి. దాని పేరు విహాన్ లాయ్ ఖామ్. లాన్నా అనే ఈ పాత ఉత్తరాది రాజ్యపు శిల్పులు కప్పు ఎలా కట్టేవారో ఇక్కడ చూడాలి. పెళ్ళికూతురి పట్టుచీర కుచ్చిళ్ళు జారినట్టు ఒక కప్పు కింద ఇంకో కప్పు, దాని కింద మరొకటి జారుకుంటూ వచ్చి, మనిషి తల తాకేంత కిందికి దిగి, అక్కడ ఒయ్యారంగా ఆగిపోతాయి. ఆ చూరు కింద నిలబడితే ఎవరికైనా తల దానంతటదే వంగుతుంది. వంగిన తలతోనే గడప దాటుతాం. శిల్పి మన చేత నమస్కారం చేయించుకున్నాడన్నమాట!

లోపల మొదట చీకటి. తొందరపడకండి, కూర్చోండి. కాళ్ళు మాత్రం బుద్ధుడి వైపు చాపకూడదు. పక్కకు మడుచుకుని, ఊపిరి నెమ్మదించేదాకా ఆగండి. కళ్ళు చీకటికి అలవాటు పడుతుంటే ఎదుటి గోడ నెమ్మదిగా ఎరుపెక్కుతుంది. ఆ ఎర్రలక్క మీద బంగారం పూలై, మబ్బులై, తీగలై పైకి తేలుతుంది. తలుపు దగ్గర ఎవరో కదులుతారు, వాళ్ళ నీడ జరుగుతుంది, ఒక పూలగుత్తి ఆరి ఇంకో గుత్తి వెలుగుతుంది. గోడ ఊపిరి తీసుకుంటోందా అనిపిస్తుంది! బంగారాన్ని ఎండలో పెడితే అది డబ్బు. మసక చీకటిలో పెడితే అది అనుగ్రహం. ఆ మర్మం తెలిసినవాళ్ళు ఆ గోడను అలంకరించారు. ఆ జిలుగు నడుమ కూర్చున్న ఫ్రా సింగ్ బుద్ధుడి ముఖం మీద మాత్రం ఏ ఆర్భాటమూ లేదు. ఇంత సంబరమూ చుట్టూ జరుగుతుంటే, ఆయన వాలిన కనురెప్పల కింద నుంచి ఎటూ చూడకుండా కూర్చున్నాడు. కన్ను అన్ని తీగలూ పట్టుకుని పాకి పాకి చివరికి ఆ రెప్పల మీద వాలుతుంది. అలంకారమంతా ఆ నిశ్చలతకు వేసిన దారి.

పక్కగోడల మీద పంతొమ్మిదో శతాబ్దపు చిత్రాలున్నాయి. బంగారు శంఖంలో పుట్టిన రాజకుమారుడి కథ ఒక వైపు, బంగారు హంస కథ ఒక వైపు. కథలు రాజులవే గాని, మనుషులు మాత్రం చియాంగ్‌మై వీధుల వాళ్ళే. ఒంటి మీద పచ్చబొట్లు నిండిన మగవాళ్ళు, అడ్డచారల పావడాలు కట్టిన ఆడవాళ్ళు, కబుర్లలో మునిగినవాళ్ళు, దొంగచూపులు చూసేవాళ్ళు! రంగులు అక్కడక్కడా పెచ్చులూడాయి. ఊడినచోట గోడ తెల్లగా నిలబడి, మిగిలిన బొమ్మకు ఊపిరాడే చోటిచ్చింది.

ఆ ప్రాంగణంలోనే ఎత్తైన పీఠం మీద ఒక చిన్న గ్రంథాలయం. తాళపత్రాలను చెదల నుంచీ చెమ్మ నుంచీ కాపాడటానికి పైఅంతస్తులో దాచారు. కింది పీఠం చుట్టూ గచ్చుతో పోసిన దేవతలు చేతులు జోడించి నిలబడ్డారు. గ్రంథానికి దేవతల చేత దణ్ణం పెట్టించిన ఊరది! ఇక్కడి గుళ్ళ బోర్డుల మీద థాయ్ అక్షరాల పైన లాన్నా లిపి కనిపిస్తుంటుంది. ఒకటే గుండ్రాలు, ఒకటే మెలికలు. తెలుగువాడి గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది. చదవబోతాడు, రాదు. అయినా అక్షరాలు చుట్టాలవే. బ్రాహ్మి దక్షిణాది శాఖ ఒక పాయ మన వైపు పారి తెలుగయింది, మరో పాయ సముద్రం దాటి, మోన్ లిపి మీదుగా ఇక్కడికొచ్చి లాన్నా అయింది. చదవలేని లిపిలో మన వాళ్ళ ముక్కుతీరు కనిపించడం ఎంత చిత్రమైన ఆనందం!

ఆ ఆనందం వాట్ చియాంగ్ మాన్‌లో నిండుగా పండుతుంది. మంగ్రాయ్ రాజు నగరం కట్టిస్తూ తాను విడిది చేసిన చోటే ఈ గుడికి ఇచ్చాడు. ఊళ్ళో మొట్టమొదటి ఆలయం ఇదే. వెనక ఉన్న స్తూపాన్ని నిలువెత్తు ఏనుగులు పదిహేను నాలుగు వైపులా మోస్తుంటాయి. మొండెం సగం గోడలో, సగం బయట. గోడను చీల్చుకుని ఇప్పుడే నడిచొస్తున్నాయా అన్నట్టుంటాయి. పైన బంగారు శిఖరం. అయితే నా మాట వినండి, ఈ ఏనుగుల దగ్గర ఎంతసేపు నిలబడ్డా, లోపల చిన్న విహారంలో ఉన్న రాతిఫలకాన్ని చూడకుండా రాకండి. దాన్ని ఫ్రా శిలా అంటారు. అది మన దేశం నుంచి వచ్చిందని అక్కడివారి నమ్మకం. దాని మీద ఉన్నది నాలాగిరి కథ. మదమెక్కించి బుద్ధుడి మీదికి ఉసిగొలిపిన ఏనుగు ఆయన మైత్రి ముందు మోకరిల్లిన ఘట్టం.

ఆ ఘట్టం అనగానే మనకు గుర్తు రావలసిన శిల్పం ఒకటుంది. అమరావతి స్తూపపు వేదికకు చెందిన గుండ్రని పతకం, ఇవాళ చెన్నై మ్యూజియంలో ఉంది. అందులో ఒకే వలయంలో రెండు ఏనుగులు, నిజానికి రెండుసార్లు చెక్కిన ఒకే ఏనుగు. ఒక పక్క వీధిని చెల్లాచెదరు చేస్తూ, మనుషుల్ని విసిరేస్తూ, మేడల మీద ఆడవాళ్ళు బెదిరి చూస్తుండగా విరుచుకుపడుతుంది. ఇంకో పక్క మోకాళ్ళ మీద వాలిపోతుంది. మన శిల్పికి ఆ వీధి కావాలి, ఆ గందరగోళం కావాలి, ఆ మేడల మీది కళ్ళన్నీ కావాలి. చియాంగ్ మాన్ ఫలకంలో జనసమ్మర్దం లేదు. నిండుగా నిలబడ్డ బుద్ధుడు, ఆయన పాదాల చెంత బొమ్మంత చిన్నదైపోయిన ఏనుగు. అమరావతి శిల్పి కోపం కరగడాన్ని చెక్కాడు. ఈ శిల్పి కరిగిపోయాక మిగిలిన శాంతిని చెక్కాడు. కృష్ణాతీరపు ఉద్వేగం ఒకటి, ఆ ప్రశాంతి ఒకటి. ఏది గొప్పదని అడగకండి. రెండూ చూసినవాడు అదృష్టవంతుడు!

కాని ఒక్క తేడా గుండెలో గుచ్చుకుంటుంది. మన ఫలకాలు చెన్నైలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో గోడలకు ఆనించి ఉన్నాయి. వాటి ముందు దీపం లేదు. ఇక్కడ చిన్నపాటి ఫలకం ముందు కూడా తామరమొగ్గలున్నాయి, నీళ్ళ గిన్నె ఉంది, ఇప్పుడే ఆరిన ఒత్తి పొగ ఉంది. శిల్పానికి పూజ జరుగుతుంటే దాని ముఖంలో వచ్చే కళే వేరు.

కందకం దాటి వాయవ్యంగా బండి పోనిస్తే వాట్ చెత్ యోత్. పక్కనే హైవే హోరు. గేటు దాటి పెద్ద చెట్ల నీడలోకి రాగానే ఆ హోరు వెనకబడిపోతుంది. 1455లో తిలోకరాజు బుద్ధగయ మహాబోధిని తలచుకుంటూ ఈ ఏడు శిఖరాల విహారం కట్టించాడు. 1477లో ఇక్కడ పిటకాల పరిష్కారానికి బౌద్ధ సంగీతి జరిగింది. బుద్ధగయకు నకలు కాదిది, తలపు. దూరదేశంలో ఉన్న తీర్థాన్ని గుండెలో పెట్టుకుని, తన మట్టితో, తన ఇటుకలతో కట్టుకున్న తలపు. వెలుపలి గోడల మీద గచ్చు దేవతలు. కొందరు పద్మాసనంలో, కొందరు నిలబడి, అందరూ అంజలి ఘటించి. ఒక్కరికీ నేల లేదు. చుట్టూ పూలు రాలుతుంటే ఆ పూలతోపాటు గాలిలో తేలుతున్నారు. ఒక దేవత చెయ్యి మణికట్టు దాకా పోయింది. ఇంకొకరి ముఖం సగం కరిగింది. నడుము దగ్గర ఉత్తరీయం ముడి మాత్రం ఇప్పుడే వేసినంత బిగువుగా ఉంది! ఆ ముడిని చూడటానికైనా గోడ దగ్గరికి వెళ్ళాలి. ఏటవాలు ఎండ ఆ ముడి మడతల్లో చిక్కుకున్న నిమిషంలో అయిదున్నర శతాబ్దాలు ఎటు పోయాయో తెలియదు.

పాతనగరానికి దక్షిణాన వువాలాయ్ వీధి వెండిపనివాళ్ళది. 1558లో బర్మా చేతికి చిక్కి, తర్వాత పాడుపడి ఖాళీ అయిన చియాంగ్‌మైని 1796లో కావిల రాజు మళ్ళీ నిలబెట్టాడు. ఊరు నిండాలంటే మనుషులు కావాలి గనుక చుట్టుపక్కల సీమల నుంచి పనివాళ్ళను తెచ్చి నింపాడు. వాళ్ళ వారసుల చేతిపని ఇవాళ అక్కడి వాట్ సీ సుఫాన్‌లో గుడిగా లేచింది. వెండి, అల్యూమినియం రేకులు కొట్టి కొట్టి గోడలు, కప్పులు, గుమ్మాలు అన్నీ తొడిగారు. ప్రాంగణంలో సుత్తుల చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. మబ్బు పట్టిన రోజున ఆ గుడి పాదరసపు కొలను, ఎండ కాసిన రోజున కళ్ళకు కత్తి! అంతటి పనితనం ముందు ఒక బోర్డు ఉంటుంది: ఆడవాళ్ళకు లోపలికి ప్రవేశం లేదు. ఎన్ని నగిషీలు చెక్కినా ఆ ఒక్క పలక మీద మాత్రం అందం నిలవదు.

అలంకారం అనగానే గాంభీర్యమే అనుకునేవాళ్ళు థా ఫే రోడ్డు మీద వాట్ బుప్పారామ్‌కు వెళ్ళాలి. ప్రాంగణంలో నూడుల్స్ గిన్నె పట్టుకున్న డోనాల్డ్ డక్ బొమ్మ ఉంటుంది! నవ్వొస్తుంది. నవ్వాలి కూడా. గుడి గోడ మీద సింహాన్ని నిలిపిన చేతికి, నాగుపామును నిలిపిన చేతికి ఒక బాతును కూడా నిలిపేంత చనువుంది. ఎవరికి ముచ్చటైనది వాళ్ళు దేవుడి ముంగిట్లో తెచ్చిపెట్టారు. ఇలా ఎందరో తలా కొంత తెచ్చిపెడుతూ పోవడం వల్లనే ఈ గుళ్ళు ఇంత నిండుగా ఉన్నాయి. ఒక్క మహాశిల్పి ఊహ ఎంత గొప్పదైనా ఇంత నిండుదనం ఇవ్వలేదు.

ఇంత జిలుగు చూసిన కంటికి విశ్రాంతి కావాలంటే పడమటి అడవి అంచున వాట్ ఉమోంగ్. నేలమాళిగ లాంటి ఇటుకల సొరంగాలు, పైన నాచు పట్టిన స్తూపం, చెట్లకు వేలాడే ధర్మవాక్యాల పలకలు. బంగారం దాదాపు లేదు. సొరంగంలో చల్లదనం, మలుపు మలుపుకూ ఒక గూట్లో దీపం, ఒక బుద్ధుడు. ఒకప్పుడు ఈ లోపలి కప్పుల మీద కూడా రంగుల పూలున్నాయి. ఆనవాళ్ళు లీలగా మిగిలాయి. జిలుగు చూశాక శూన్యాన్ని చూడాలి, శూన్యం చూశాక జిలుగును చూడాలి. ఒకటి లేకపోతే రెండోది చప్పబడిపోతుంది.

ఇక కొండ. నగరానికి పడమట ఎక్కడి నుంచి చూసినా కనబడే దోయ్ సుతేప్. పద్నాలుగో శతాబ్దంలో కువెనా రాజు కాలాన సుఖోథై నుంచి సుమన థేరుడు తెచ్చిన బుద్ధధాతువు రెండయిందట. ఒకటి ఊరి అంచున వాట్ సువాన్ దోక్ స్తూపంలో చేరింది. రెండోదాన్ని తెల్ల ఏనుగు మీద పెట్టి, నువ్వెక్కడ ఆగితే అక్కడే గుడి అని వదిలేశారు. ఏనుగు కొండెక్కింది, ఘీంకరించింది, అక్కడే ఒరిగి ప్రాణం విడిచింది. అక్కడ గుడి వెలసింది. ఆ ఏనుగు నడిచిన కొండ మీదికి ఇవాళ మన స్కూటర్ ఎక్కుతుంది. ఎక్కే రోడ్డు కథ మరీ సొగసైనది. భక్తులు గంటల తరబడి అడవిదారి వెంట ఎక్కుతుంటే చూసి, క్రూబా సీవిచై అనే భిక్షువు రోడ్డు వేద్దామన్నాడు. ప్రభుత్వపు డబ్బు లేదు. ఊళ్ళకు ఊళ్ళు పలుగూ పారా పట్టుకుని తరలివచ్చాయి. 1934 నవంబరులో మొదలైన పని 1935 ఏప్రిల్ ఆఖరుకు పూర్తయింది! అంటే మనం చక్రాలు దొర్లించే ఆ మలుపులు కూడా గుడిలో భాగమే. గోడకు అతికించిన గాజుతునక ఎవరి సమర్పణో, రోడ్డు మీద పరిచిన రాయి కూడా వాళ్ళ సమర్పణే. ప్రతి మలుపుకూ గాలి చల్లబడుతుంది, ప్రతి మలుపుకూ చెట్ల ఆకుపచ్చ మారుతుంది, ఉన్నట్టుండి ఒకచోట చెట్లు పక్కకు తొలిగి చియాంగ్‌మై మొత్తం కాళ్ళ కింద పరుచుకుంటుంది. అటువంటి దారిని అద్దాలు మూసిన బండిలో ఎక్కడం పాపం!

300 పైచిలుకు మెట్లకు రెండువైపులా రెండు నాగరాజులు. మకరపు నోట్లోంచి వెలికివచ్చిన ఆ పాముల ఒంటి పొలుసులన్నీ మెరుగు పెంకులే. పడగలు మెట్ల కింద, తోకలు ఎక్కడో పైన. ఎక్కుతుంటే మనమే ఆ పాము వెన్ను మీద పాకుతున్న భావన. పైకెక్కి, చెప్పులు విడిచి, లోపలి ఆవరణలో అడుగు పెట్టగానే, అబ్బ! రాగిరేకు మీద బంగారు పూత పూసిన స్తూపం, నాలుగు మూలలా బంగారు జాలీ గొడుగులు, చుట్టూ నేల మీద చలువరాయి. ఆ రాతిలో కూడా బంగారమే తేలుతోంది. తామరమొగ్గ, అగరొత్తి, కొవ్వొత్తి చేతుల మధ్య పట్టుకుని జనం మూడు చుట్లు తిరుగుతున్నారు. బామ్మ, కళాశాల కుర్రాడు, చంటిపాప, విదేశీ యాత్రికుడు, అందరికీ స్తూపం కుడిచేతి వైపే. నడుస్తుంటే స్తూపం అంచులు ఒక్కొక్కటీ వెలిగి ఆరిపోతాయి. ఒక్కచోట నిలబడి ఫోటో తీసుకునేవాడికి ఒక్క స్తూపమే దొరుకుతుంది. మూడు చుట్లు తిరిగినవాడికి వెయ్యి స్తూపాలు దొరుకుతాయి!

ఈ వైభవం మొత్తం ఒక్కసారిగా విరిసే పున్నమి మనకు తెలిసినదే. మనం కార్తిక పౌర్ణమికి అరటిదొప్పల్లో దీపాలు పెట్టి నదిలో వదిలే వేళకు, వాళ్ళు అరటిబోదె ముక్క మీద ఆకు మడిచి, పూలు గుచ్చి, ఒత్తి వెలిగించి పింగ్ నదిలో వదులుతారు. ఆ రాత్రి యీ పెంగ్ పండుగ. గుళ్ళనిండా కాగితపు లాంతర్లే. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్ళు పింగ్ ఒడ్డున కాసేపు నిలబడితే ఏ ఊళ్ళో ఉన్నామో మరిచిపోతారు.

వెళ్ళదలచినవారికి రెండు మాటలు. మోటారుసైకిల్ తరగతి కూడా చేర్చిన అంతర్జాతీయ పర్మిట్ ఇక్కడి నుంచే తీసుకెళ్ళండి, అక్కడ పోలీసులు ఆపి అడుగుతారు. హెల్మెట్టు మానకండి. కొండ దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా నొక్కి పట్టకండి. బండి తాకట్టుకు పాస్‌పోర్టు ఇవ్వకండి, డబ్బు కట్టి నకలు ఇవ్వండి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ కమ్మేసి కొండే కనబడదు. నవంబరు, డిసెంబరు, జనవరి మంచి నెలలు. చివరిగా ఒక మనవి: చియాంగ్‌మైకి టికెట్టు కొనే ముందు చెన్నై మ్యూజియానికి వెళ్ళి, మన అమరావతి నాలాగిరి పతకాన్ని తనివితీరా చూడండి. వాట్ చియాంగ్ మాన్‌లో ఆ చిన్న ఏనుగు ఎవరి ముందు మోకరిల్లిందో, ఆ మోకరిల్లడం వెనక ఎంత ఉద్వేగం అణిగి ఉందో, ఆ పతకం చూసి వెళ్ళినవాళ్ళకే పూర్తిగా తెలుస్తుంది.